హెయిర్ రిలాక్సర్

హెయిర్ రిలాక్సర్ అనగా ఉంగరాలు తిరిగిన జుట్టును, బిగువుగా మెలికలు పడిన జుట్టును తిన్నగా మార్చే రసాయనిక లేపనం. ఇది వెంట్రుక లోపలి బంధాలను విడగొట్టి దాని ఆకారాన్ని శాశ్వతంగా మారుస్తుంది. ఇక్కడ శాశ్వతం అనే మాట లేపనం తగిలిన భాగానికే వర్తిస్తుంది. కుదుళ్ళ నుండి కొత్తగా పెరిగే జుట్టు తన సహజమైన ఉంగరాలతోనే వస్తుంది. అందువలన దీనిని వాడేవారు కొన్ని వారాలకొకసారి కొత్తగా పెరిగిన భాగానికి మళ్ళీ పూయవలసి ఉంటుంది.

రిలాక్సర్లు ప్రధానంగా రెండు కుటుంబాలకు చెందుతాయి. మొదటిది హైడ్రాక్సైడ్ రిలాక్సర్ల కుటుంబం. సోడియం హైడ్రాక్సైడ్‌తో చేసిన "లై" రిలాక్సర్లు, గ్వానిడిన్ హైడ్రాక్సైడ్ వంటి వాటితో చేసిన "నో-లై" రిలాక్సర్లు రెండూ ఈ కుటుంబంలోనివే. రెండవది అమ్మోనియం థయోగ్లైకొలేట్ ఆధారంగా పనిచేసే థయో రిలాక్సర్ల కుటుంబం. భారతదేశంలోని బ్యూటీ పార్లర్లలో స్ట్రెయిటెనింగ్, స్మూథెనింగ్, రీబాండింగ్ అనే పేర్లతో జరిగే చికిత్సలు ఎక్కువగా ఈ రెండవ కుటుంబానికి చెందినవి.

ఈ రెండు కుటుంబాల రసాయనాలను ఒకే వెంట్రుకపై వాడరాదు. కనుక రిలాక్సర్‌ను ఎంచుకునేటప్పుడు "ఏది మంచిది" అనే ప్రశ్నకంటే "ఈ జుట్టుపై ఇంతకు ముందు ఏది వాడారు" అనే ప్రశ్న ముందుగా వస్తుంది. అట్లే "నో-లై" అనే పేరును "క్షారం లేనిది" అనిగాని, "హాని లేనిది" అనిగాని అర్థం చేసుకొనరాదు.

వెంట్రుక నిర్మాణం

వెంట్రుక ప్రధానంగా కెరాటిన్ అనే మాంసకృత్తుతో ఏర్పడుతుంది. దీని వెలుపలి భాగంలో ఇంటికప్పు మీది పెంకుల వలె ఒకదానిపై ఒకటి పరచుకొని ఉండే పొరను క్యూటికిల్ అంటారు. దాని లోపల ఉండే మందమైన భాగం కార్టెక్స్. వెంట్రుకకు బలం, సాగే గుణం, ఆకారం, రంగు ఎక్కువగా కార్టెక్స్ వలననే కలుగుతాయి. రిలాక్సర్ పనిచేయవలసినది కూడా ఇక్కడే. అయితే అక్కడికి చేరాలంటే ముందు క్యూటికిల్ పెంకులు తెరచుకోవాలి. క్షార గుణం గల పదార్థాలు వెంట్రుకను ఉబ్బించి ఆ పని చేస్తాయి.

కెరాటిన్ గొలుసులను పట్టి ఉంచే బంధాలలో రెండింటిని ఇక్కడ చెప్పుకోవాలి.

• హైడ్రోజన్ బంధాలు: ఇవి బలహీనమైనవి. నీటితో, వేడితో విడిపోయి, ఆరినప్పుడు మళ్ళీ ఏర్పడతాయి. వేడి దువ్వెనతోగాని, స్ట్రెయిటెనర్‌తోగాని జుట్టును తిన్నగా చేసినప్పుడు మారేవి ఇవే. ఇస్త్రీ చేసిన నూలు చీర తడిస్తే మళ్ళీ ముడతలు పడినట్లే, ఆ జుట్టు తలస్నానంతో పూర్వస్థితికి వస్తుంది.

• డైసల్ఫైడ్ బంధాలు: కెరాటిన్‌లో సిస్టీన్ అనే గంధకం కలిగిన అమైనో ఆమ్లం అధికంగా ఉంటుంది. పక్కపక్క గొలుసులలోని రెండు సిస్టీన్లు తమ గంధక పరమాణువులతో కలిసి నిచ్చెన మెట్టు వంటి బంధాన్ని ఏర్పరుస్తాయి. ఇవి నీటికి, తలస్నానానికి విడిపోవు. ఉంగరాలను నిలిపి ఉంచేవి ప్రధానంగా ఇవే. రిలాక్సర్లన్నీ దెబ్బతీసేది ఈ బంధాలనే.

వెంట్రుక తిన్నగా వస్తుందా, ఉంగరాలు తిరుగుతుందా అన్నది దాని కుదురు ఆకారంపై ఎక్కువగా ఆధారపడుతుంది. వంపు తిరిగిన కుదురు నుండి వచ్చే వెంట్రుక అడ్డుకోతలో బల్లపరుపుగా, అండాకారంలో ఉండి మెలికలు పడుతుంది. ఆఫ్రికా మూలాలు గల ప్రజలలో ఇటువంటి జుట్టు సాధారణం. ప్రతి మెలిక వద్ద వెంట్రుక కొంత బలహీనంగా ఉంటుంది కనుక, ఈ రకపు జుట్టు చూడడానికి దట్టంగా ఉన్నప్పటికీ సులభంగా తెగుతుంది. దానిపై తీవ్రమైన రసాయనాలను వాడేటప్పుడు ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి.

చరిత్ర

రిలాక్సర్ల చరిత్ర అమెరికాలోని నల్లజాతి ప్రజల చరిత్రతో ముడిపడి ఉంది. ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరంలో కుట్టు యంత్రాల దుకాణం నడిపిన గారెట్ మోర్గాన్ (1877-1963) జుట్టును తిన్నగా చేసే క్రీమును తయారుచేసి అమ్మిన తొలివారిలో ఒకరు. కుట్టు సూది రాపిడికి ఉన్ని బట్ట మాడిపోకుండా ఉండేందుకు ఒక ద్రవంపై ప్రయోగాలు చేస్తుండగా, అది తగిలిన బట్ట నూగు తిన్నబడడం ఆయన గమనించినట్లు చెబుతారు. పొగనుండి రక్షించే ముసుగుకు 1914లోను, ట్రాఫిక్ సిగ్నల్‌కు 1923లోను పేటెంట్లు పొందిన ఆవిష్కర్త ఈయనే.

ఆ కాలంలోనే మేడమ్ సి.జె. వాకర్ (1867-1919) నల్లజాతి స్త్రీల కేశ సంరక్షణ ఉత్పత్తుల వ్యాపారంలో ప్రసిద్ధి పొందింది. రిలాక్సర్‌ను కనిపెట్టినది ఆమేనని కొందరు పొరపాటుగా రాస్తుంటారు. ఆమె అమ్మినవి తలచర్మానికి రాసే లేపనాలు, షాంపూ వంటివి. ఆమె పద్ధతిలో వేడి దువ్వెనను కూడా వాడేవారు.

ఇరవయ్యవ శతాబ్దపు తొలి అర్ధభాగంలో నల్లజాతి పురుషులలో "కాంక్" అనే కేశాలంకరణ వ్యాపించింది. కాస్టిక్ సోడా, గుడ్లు, బంగాళాదుంపలు కలిపి ఇంట్లోనే చేసుకున్న లేపనాన్ని తలకు పట్టించేవారు. మాల్కం ఎక్స్ తన ఆత్మకథలో (1965) తాను మొదటిసారి కాంక్ చేయించుకున్నప్పుడు తల మండిపోయిన తీరును వర్ణించి, అందుకు సిద్ధపడడాన్ని ఆత్మగౌరవ లోపంగా తరువాతి కాలంలో భావించినట్లు చెప్పాడు.

1954లో జార్జ్ జాన్సన్ షికాగో నగరంలో జాన్సన్ ప్రొడక్ట్స్ కంపెనీని స్థాపించి, సోడియం హైడ్రాక్సైడ్‌ను క్రీము రూపంలో స్థిరపరచిన రిలాక్సర్లను మార్కెట్లోకి తెచ్చాడు. 1960లలో "నలుపే అందం" ఉద్యమంతో ఆఫ్రో కేశాలంకరణ వ్యాపించి, సహజమైన జుట్టుకు గౌరవం పెరిగింది. 1970ల మధ్యలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒత్తిడి వలన లై రిలాక్సర్ల డబ్బాలపై కాలిన గాయాలు, జుట్టు ఊడడం, కంటికి హాని గురించిన హెచ్చరికలు రావడం మొదలైంది. తలచర్మాన్ని తక్కువగా మండిస్తాయన్న ప్రచారంతో గ్వానిడిన్ ఆధారిత నో-లై రిలాక్సర్లు 1980లలో ఇళ్ళలో వాడుకకు వచ్చాయి.

జపానులో 1990లలో థయో రసాయనాన్ని, ఇస్త్రీ పలకల వేడిని కలిపి వాడే పద్ధతి రూపొందింది. దీనినే ఆసియా దేశాలలో రీబాండింగ్ అని పిలుస్తారు.

రకాలు

సోడియం హైడ్రాక్సైడ్ (లై) రిలాక్సర్లు

సోడియం హైడ్రాక్సైడ్ అనగా కాస్టిక్ సోడా. సబ్బుల తయారీలోను, మురుగు గొట్టాలను శుభ్రం చేయడంలోను వాడే రసాయనం ఇదే. రిలాక్సర్లలో ఇది కొద్ది శాతం మాత్రమే ఉంటుంది. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం సాధారణ వినియోగదారులకు అమ్మే వాటిలో 2 శాతాన్ని, వృత్తి నిపుణులు వాడే వాటిలో 4.5 శాతాన్ని మించరాదు. ఇంత తక్కువ మోతాదులోనైనా వీటి పి.హెచ్. విలువ 12 కంటె ఎక్కువగా ఉంటుంది. పి.హెచ్. కొలమానంలో 7 తటస్థం. ఆపై ఒక్కొక్క అంకెకు క్షార తీవ్రత పదిరెట్లు పెరుగుతుంది. తలచర్మపు సహజ విలువ సుమారు 5 మాత్రమే.

హైడ్రాక్సైడ్ అయాను డైసల్ఫైడ్ బంధాన్ని విడగొట్టి, అందులోని రెండు గంధక పరమాణువులలో ఒకదానిని తొలగిస్తుంది. మిగిలిన ఒక గంధక పరమాణువుతో లాంథియోనిన్ అనే కొత్త బంధం ఏర్పడుతుంది. ఈ చర్యను లాంథియోనీకరణం అంటారు. లాంథియోనిన్ బంధం మళ్ళీ డైసల్ఫైడ్‌గా మారదు. కనుక ఈ మార్పును వెనుకకు తిప్పే మార్గం లేదు.

ఈ రకం వేగంగా పనిచేస్తుంది, చాలా బిగువైన ఉంగరాలను కూడా సడలిస్తుంది, కడిగిన తరువాత వెంట్రుకపై నిల్వలను మిగల్చదు. అయితే తలచర్మాన్ని త్వరగా కాలుస్తుంది. కొద్ది నిమిషాల ఆలస్యం కూడా జుట్టును తెగగొట్టగలదు. అందువలన దీనిని అనుభవం గలవారు మాత్రమే వాడవలసి ఉంటుంది.

పొటాషియం, లిథియం హైడ్రాక్సైడ్ రిలాక్సర్లు

ఇవి కూడా సోడియం హైడ్రాక్సైడ్ వలెనే పనిచేస్తాయి. లిథియం రకం రెండు పదార్థాలను కలపవలసిన అవసరం లేకుండా ఒకే డబ్బాలో లభిస్తుంది. సోడియం లేదు కనుక దీనిని "నో-లై" అని అమ్ముతారు. రసాయన శాస్త్రరీత్యా ఇది కూడా బలమైన క్షారమే. తీవ్రతలో లై రిలాక్సర్‌కు దగ్గరగా ఉంటుంది.

గ్వానిడిన్ (నో-లై) రిలాక్సర్లు

ఇంట్లో వాడేందుకు దుకాణాలలో అమ్మే పెట్టెలలో ఎక్కువగా ఉండేది ఈ రకం. ఇందులో కాల్షియం హైడ్రాక్సైడ్ గల క్రీము, గ్వానిడిన్ కార్బొనేట్ గల ద్రవం వేరువేరుగా ఉంటాయి. కాల్షియం హైడ్రాక్సైడ్ అనగా తమలపాకుకు రాసుకునే సున్నమే. ఈ రెంటినీ వాడే ముందు కలపగా గ్వానిడిన్ హైడ్రాక్సైడ్, కాల్షియం కార్బొనేట్ ఏర్పడతాయి. వీటిలో మొదటిది జుట్టును తిన్నగా చేసే క్షారం, రెండవది సుద్ద. కలిపిన మిశ్రమం నిల్వ ఉండదు కనుక మిగిలినదానిని పారవేయాలి.

దీనితో తలచర్మం మండడం సాధారణంగా లై రకం కంటె తక్కువగా ఉంటుంది. అయితే ఇందులో ఏర్పడిన కాల్షియం నిల్వలు వెంట్రుకపై పేరుకుంటాయి. బోరు నీటిని మరిగించిన పాత్ర అడుగున తెల్లని పొర కట్టినట్లే, పదేపదే వాడిన జుట్టు మెరుపు తగ్గి, పొడిబారి, పెళుసుగా మారుతుంది. కాల్షియాన్ని తొలగించే ప్రత్యేకమైన కీలేటింగ్ షాంపూలతో దీనిని కొంత నివారించవచ్చు. సంక్షిప్తంగా చెప్పాలంటే లై రకం తలచర్మానికి ఎక్కువ కష్టం కలిగిస్తే, గ్వానిడిన్ రకం జుట్టును ఎక్కువగా పొడిబారుస్తుంది.

థయో రిలాక్సర్లు

అమ్మోనియం థయోగ్లైకొలేట్ వేరొక మార్గంలో పనిచేస్తుంది. ఇది క్షయకరణం ద్వారా డైసల్ఫైడ్ బంధాన్ని రెండుగా విడగొడుతుంది కాని గంధకాన్ని తొలగించదు. జుట్టును తిన్నగా అమర్చిన తరువాత హైడ్రోజన్ పెరాక్సైడ్ లేదా సోడియం బ్రోమేట్ గల రెండవ ద్రావణాన్ని పూస్తారు. ఆక్సీకరణం వలన విడిపోయిన గంధక పరమాణువులు కొత్త స్థానాలలో మళ్ళీ జతకట్టి కొత్త ఆకారాన్ని నిలుపుతాయి. తిన్నని జుట్టును ఉంగరాలుగా మార్చే "పర్మింగ్"లో వాడేది కూడా ఈ రసాయనమే. జుట్టును చుట్టలకు చుడితే ఉంగరాలు, పలకలతో సాపు చేస్తే తిన్నని జుట్టు వస్తాయి.

దీని పి.హెచ్. విలువ సుమారు 9 నుండి 9.5 వరకు ఉంటుంది. కనుక తలచర్మాన్ని హైడ్రాక్సైడ్ అంతగా కాల్చదు. కాని ఇది నిరపాయకరమైనది కాదు. థయోగ్లైకొలేట్ లవణాలను మరింత క్షార స్థితిలో ఉంచి చేసినవే అవాంఛిత రోమాలను కరిగించే క్రీములు. ఎక్కువసేపు ఉంచినా, ఇదివరకే బలహీనపడిన జుట్టుపై వాడినా వెంట్రుక మధ్యలో తెగిపోతుంది. కుళ్ళిన గుడ్డును తలపించే వాసన ఈ రకపు లక్షణం.

అలలు, వదులైన ఉంగరాలు గల జుట్టుకు థయో రకం సరిపోతుంది. చాలా బిగువైన మెలికలు గల జుట్టుపై ఒంటరిగా దీని ప్రభావం పరిమితం. రీబాండింగ్‌లో థయోను కడిగిన తరువాత దాదాపు 180 డిగ్రీల సెల్సియస్ వేడి గల పలకలతో పాయలుగా సాపు చేసి, ఆపైన రెండవ ద్రావణాన్ని పూస్తారు. రసాయనం, వేడి రెండూ ఒకే రోజున పడడం వలన జుట్టుకు కలిగే శ్రమ అధికం.

సల్ఫైట్ రిలాక్సర్లు

అమ్మోనియం బైసల్ఫైట్ వంటి లవణాలతో చేసిన ఇవి అన్నింటికంటె మృదువైనవి. ఫలితం కూడా స్వల్పమే. పూర్తిగా తిన్నగా కాకుండా ఉంగరాలను కొద్దిగా వదులు చేయగోరేవారికి ఉపయోగపడతాయి.

కెరాటిన్ చికిత్సలతో తేడా

"బ్రెజిలియన్" లేదా "కెరాటిన్" చికిత్సలు పై అర్థంలో రిలాక్సర్లు కావు. ఇవి వెంట్రుకలోని కెరాటిన్ గొలుసుల మధ్య కొత్త వంతెనలను ఏర్పరచి కొన్ని నెలలపాటు జుట్టును సాఫీగా ఉంచుతాయి. ఈ పనిచేసేది పేరులోని కెరాటిన్ కాదు. చాలా ఉత్పత్తులలో ఫార్మాల్డిహైడ్ లేదా వేడి చేసినప్పుడు దానిని వెలువరించే పదార్థం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఫార్మాల్డిహైడ్‌ను మనుషులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. 2010లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్ర అధికారులు "ఫార్మాల్డిహైడ్ లేదు" అని ముద్రించిన ఒక ఉత్పత్తిలో అది గణనీయంగా ఉన్నట్లు కనుగొన్నారు.

దీనికి ప్రత్యామ్నాయంగా వచ్చిన గ్లైఆక్సిలిక్ ఆమ్లం గల ఉత్పత్తులపై కూడా సందేహాలు ఉన్నాయి. వీటిని వాడిన తరువాత మూత్రపిండాలు అకస్మాత్తుగా దెబ్బతిన్న సందర్భాలను 2023లో ఇజ్రాయెల్ వైద్యులు, 2024లో ఫ్రాన్స్ వైద్యులు ప్రచురించారు. కనుక కెరాటిన్ అనే పేరు విని ఇది సహజమైన పోషణ అని భావించరాదు.

ఎంపికలో గమనించవలసిన విషయాలు

జుట్టు గత చరిత్ర

హైడ్రాక్సైడ్ వాడిన జుట్టులో డైసల్ఫైడ్ బంధాల స్థానంలో లాంథియోనిన్ బంధాలు ఉంటాయి. థయో వాటిని విడగొట్టలేదు. మిగిలి ఉన్న కొద్ది డైసల్ఫైడ్ బంధాలను మాత్రం దెబ్బతీస్తుంది. ఫలితంగా జుట్టు తిన్నబడకపోగా తెగిపోతుంది. థయో వాడిన జుట్టుపై హైడ్రాక్సైడ్ వాడినా ఇదే ప్రమాదం. ఒక కుటుంబం నుండి మరొక దానికి మారాలంటే పూర్వం చికిత్స చేసిన జుట్టు పెరిగి, కత్తిరింపులలో పోయే వరకు ఆగవలసిందే. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు లేదా కొంచెం ఎక్కువగా పెరుగుతుంది. ఆ లెక్కన 30 సెంటీమీటర్ల జుట్టు మారడానికి రెండు సంవత్సరాలకు పైగా పడుతుంది.

హైడ్రాక్సైడ్ కుటుంబంలోనే లై నుండి నో-లైకి, నో-లై నుండి లైకి మారవచ్చు. కాని ఏది వాడినా కొత్తగా పెరిగిన భాగానికే పూయాలి. పాత భాగంపై మళ్ళీ పూయడం జుట్టు తెగడానికి ముఖ్యమైన కారణాలలో ఒకటి.

రంగులు, గోరింటాకు

పెరాక్సైడ్‌తో రంగు తీసిన జుట్టు అప్పటికే కొన్ని బంధాలను కోల్పోయి ఉంటుంది. దానిపై రిలాక్సర్ వాడకపోవడం మంచిది. గోరింటాకు వెంట్రుక పైపొరను అంటుకొని ఉండడం వలన రసాయనం అన్నిచోట్లా సమానంగా దిగకపోవచ్చు. గోరింటాకు పేరుతో అమ్మే కొన్ని పొడులలో లోహ లవణాలు ఉంటాయి. అవి థయో పద్ధతిలో వాడే పెరాక్సైడ్‌తో చర్య జరిపి వేడిని పుట్టించి జుట్టును పాడుచేయగలవు. తలకు పెట్టుకున్నది ఇంటి గోరింటాకా, కొన్న పొడియా అన్న సంగతి కూడా చికిత్స చేసేవారికి చెప్పాలి.

తలచర్మం

పుండ్లు, గాట్లు, తామర, సోరియాసిస్ వంటివి ఉన్నప్పుడు ఏ రకమూ వాడరాదు. చర్మం సున్నితమైనవారికి లై రకం తగదు. హైడ్రాక్సైడ్ రకాలకు ముందు కొన్ని రోజులు తలస్నానం మానడం, తలను గోకకుండా, గట్టిగా దువ్వకుండా ఉండడం అవసరం. చర్మంపై ఉండే సహజమైన నూనె కొంత రక్షణనిస్తుంది. థయో రకానికి మాత్రం నూనె, మురికి లేకుండా కడిగిన జుట్టు కావాలి. నిత్యం కొబ్బరినూనె రాసుకునేవారు ఈ తేడాను గమనించాలి.

జుట్టు మందం, తీవ్రత

హైడ్రాక్సైడ్ రిలాక్సర్లు సాధారణంగా మైల్డ్, రెగ్యులర్, సూపర్ అనే మూడు తీవ్రతలలో వస్తాయి. సన్నని జుట్టుకు మైల్డ్, మధ్యరకానికి రెగ్యులర్, ముతకగా ఉండి త్వరగా లొంగని జుట్టుకు సూపర్ అని చెబుతారు. ఈ పేర్లకు అన్ని కంపెనీలలో ఒకే కొలత ఉండదు. కనుక డబ్బాపై రాసిన పదార్థాల జాబితాను, సమయాన్ని చదవడం తప్పనిసరి. సందేహం ఉన్నప్పుడు తక్కువ తీవ్రత గల దానినే ఎంచుకోవాలి. కొంచెం ఉంగరం మిగిలితే నష్టం లేదు. పూర్తిగా తిన్నబడాలని ఎక్కువసేపు ఉంచితే పోయిన బలం తిరిగి రాదు.

ముందు పరీక్షలు

• సాగుదల పరీక్ష: తడిసిన ఆరోగ్యకరమైన వెంట్రుకను మెల్లగా లాగితే దాదాపు మూడవ వంతు సాగి తిరిగి ముడుచుకుంటుంది. సాగకుండానే తెగినా, సాగి అట్లే ఉండిపోయినా ఆ జుట్టు రిలాక్సర్‌కు తగదు.

• పాయ పరీక్ష: తల వెనుక భాగంలో ఒక చిన్న పాయకు మాత్రమే లేపనం పూసి, నిర్ణీత సమయం తరువాత కడిగి, తెగుదల ఉన్నదేమో చూడాలి.

వాడుక విధానం

హైడ్రాక్సైడ్ రకాన్ని పూయడానికి ముందు నుదురు, చెవులు, మెడ, తలచర్మంపై పెట్రోలియం జెల్లీ రాస్తారు. చేతికి తొడుగులు వేసుకొని, లేపనాన్ని చర్మానికి తగలకుండా వెంట్రుకపై పూస్తారు. డబ్బాపై సూచించిన సమయాన్ని మించరాదు. మంట పుడితే సమయం పూర్తికాకపోయినా వెంటనే కడిగివేయాలి. "మండుతున్నదంటే పనిచేస్తున్నది" అనే నమ్మకం తప్పు. మంట చర్మం కాలుతున్నదనడానికి గుర్తు మాత్రమే.

తరువాత ధారాళంగా గోరువెచ్చని నీటితో కడిగి, ఆమ్ల గుణం గల న్యూట్రలైజింగ్ షాంపూతో మిగిలిన క్షారాన్ని తటస్థం చేస్తారు. కొన్ని షాంపూలలో క్షారం మిగిలి ఉన్నంతవరకు నురుగు గులాబి రంగులో కనిపించే సూచిక ఉంటుంది. నురుగు తెల్లబడే వరకు మళ్ళీ మళ్ళీ కడగాలి. థయో రకంలో "న్యూట్రలైజర్" అన్నది దీనికి పూర్తిగా భిన్నమైనది. అది ఆమ్ల షాంపూ కాదు. బంధాలను తిరిగి కలిపే ఆక్సీకరణ ద్రావణం. పేరు ఒకటే అయినా ఒకదాని బదులు మరొకటి వాడరాదు.

కంటిలో పడితే ఆలస్యం చేయకుండా కనీసం 15 నిమిషాలపాటు నీటితో కడుగుతూ వైద్యుని వద్దకు వెళ్ళాలి. గాఢమైన క్షారం చూపును పోగొట్టగలదు. నిమ్మరసం వంటి ఆమ్లాలను కంటిలోగాని కాలిన చర్మంపైగాని వేయరాదు.

సాధారణంగా రెండు చికిత్సల మధ్య కనీసం 8 వారాల విరామం ఉండాలని చెబుతారు. విరామం ఎంత పెరిగితే పాత, కొత్త జుట్టులను వేరుగా గుర్తించడం అంత సులభం.

ఆరోగ్యంపై ప్రభావం

తలచర్మం కాలడం, జుట్టు తెగడం, పొడిబారడం వెంటనే కనిపించే హానులు. వీటికంటె దీర్ఘకాలిక ప్రభావాలపై ఇటీవలి దశాబ్దాలలో ఎక్కువ చర్చ జరుగుతున్నది.

2012లో అమెరికాలోని నల్లజాతి స్త్రీలపై జరిగిన ఒక పెద్ద అధ్యయనం రిలాక్సర్ల వాడకానికి, గర్భాశయంలోని ఫైబ్రాయిడ్ గడ్డలకు సంబంధం ఉన్నట్లు తెలిపింది. 2022లో అమెరికా జాతీయ పర్యావరణ ఆరోగ్య శాస్త్రాల సంస్థ 33,497 మంది స్త్రీలను దాదాపు 11 సంవత్సరాలు గమనించిన ఫలితాలను ప్రకటించింది. జుట్టును తిన్నగా చేసే ఉత్పత్తులను ఎన్నడూ వాడనివారిలో 70 ఏళ్ళ వయసులోపు గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతం కాగా, తరచుగా వాడేవారిలో అది 4.05 శాతంగా అంచనా వేశారు. ఇక్కడ తరచుగా అంటే అధ్యయనంలో చేరడానికి ముందు సంవత్సరంలో నాలుగుసార్లకు మించి వాడడం. 2023లో వెలువడిన మరొక అధ్యయనంలో ముట్లుడిగిన నల్లజాతి స్త్రీలలో ఇటువంటి సంబంధమే కనిపించింది.

ఈ అంకెలను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఇవి రెండింటి మధ్య సంబంధాన్ని చూపుతాయి కాని, ఒకటి మరొకదానికి కారణమని నిరూపించవు. 2022 నాటి అధ్యయనంలో ఉత్పత్తుల పేర్లను, పదార్థాలను సేకరించలేదు. కనుక ఏ రకం రిలాక్సర్ వలన ఎంత ప్రమాదమో దానినుండి చెప్పలేము. క్షారం చర్మాన్ని గాయపరచడం వలన సువాసన ద్రవ్యాలు, థాలేట్లు, పారాబెన్లు వంటివి శరీరంలోకి సులభంగా చేరవచ్చునని పరిశోధకులు భావిస్తున్నారు. లై బదులు నో-లై వాడితే ఈ ప్రమాదం తొలగిపోతుందని చెప్పడానికి తగిన ఆధారం లేదు. ఎన్నిసార్లు వాడుతున్నారు, ఎన్ని సంవత్సరాలుగా వాడుతున్నారు అన్నవి మాత్రం ఈ అధ్యయనాలలో ముఖ్యమైన అంశాలుగా కనిపిస్తాయి.

తెలుగునాట

తెలుగువారిలో అలలు, వదులైన ఉంగరాలు గల జుట్టు సాధారణం కనుక ఇక్కడి పార్లర్లలో హైడ్రాక్సైడ్ రిలాక్సర్ల అవసరం తక్కువ. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలలో పెళ్ళిళ్ళు, వేడుకల ముందు చేయించుకునే స్మూథెనింగ్, రీబాండింగ్ చికిత్సలు ఎక్కువగా థయో రకానివి. ఈ పేర్లు రసాయనాన్ని సూచించవు. ఒకే పేరుతో రెండు పార్లర్లలో రెండు వేరువేరు రసాయనాలు వాడవచ్చు. అందువలన చేయించుకునేవారు డబ్బాపై గల పదార్థాల పేర్లను అడిగి రాసిపెట్టుకోవడం మంచిది. అందులో "థయోగ్లైకొలేట్" అని ఉన్నదా, "హైడ్రాక్సైడ్" అని ఉన్నదా అన్నది తరువాతి చికిత్సకు ఆధారమవుతుంది.

అమెరికా వంటి దేశాలలో నివసించే తెలుగువారికి ఈ సమాచారం మరింత అవసరం. స్వదేశంలో రీబాండింగ్ చేయించుకొని వెళ్ళినవారు, అక్కడి దుకాణాలలో దొరికే నో-లై పెట్టెను తెచ్చుకొని వాడితే రెండు కుటుంబాల రసాయనాలు ఒకే జుట్టుపై కలుస్తాయి.

సామాజిక నేపథ్యం

ఉద్యోగాలలో, పాఠశాలలలో తిన్నని జుట్టునే "మర్యాదైన" జుట్టుగా భావించడం వలన అనేకమంది నల్లజాతి స్త్రీలు చిన్నతనం నుండే రిలాక్సర్లు వాడవలసి వచ్చింది. 2009లో హాస్యనటుడు క్రిస్ రాక్ తీసిన "గుడ్ హెయిర్" అనే డాక్యుమెంటరీలో సోడియం హైడ్రాక్సైడ్‌లో అల్యూమినియం డబ్బా కరిగిపోవడాన్ని చూపించారు. భారతదేశపు ఆలయాలలో భక్తులు సమర్పించిన తలనీలాలు అమెరికాలో సవరాలుగా అమ్ముడుపోయే తీరును కూడా అది చిత్రించింది. సహజమైన జుట్టు కారణంగా వివక్ష చూపడాన్ని నిషేధిస్తూ 2019లో కాలిఫోర్నియా రాష్ట్రం "క్రౌన్ చట్టం" చేసింది. తరువాత మరికొన్ని రాష్ట్రాలు దానిని అనుసరించాయి.

రిలాక్సర్‌ను మానదలచినవారు రెండు మార్గాలను అనుసరిస్తారు. కొందరు చికిత్స చేసిన జుట్టునంతా ఒకేసారి కత్తిరించుకుంటారు. మరికొందరు కొత్త జుట్టు పెరిగేకొద్దీ చివరలను క్రమంగా కత్తిరిస్తారు. రెండవ మార్గంలో కొత్త జుట్టు, పాత జుట్టు కలిసే చోట వెంట్రుక బలహీనంగా ఉండి తెగే అవకాశం ఎక్కువ. కుదుళ్ళకు గాయం కానంతవరకు కొత్తగా వచ్చే జుట్టు పూర్వపు ఆకారంతోనే పెరుగుతుంది.

ఇవి కూడా చూడండి

• వెంట్రుక
• కెరాటిన్
• సోడియం హైడ్రాక్సైడ్
• ఫార్మాల్డిహైడ్
• గోరింటాకు
• తలనీలాలు